తుంటి కీలుకు ప్రాణం పోసిన సర్ జాన్ చార్న్‌లీ

మన సంఘం ఈ ప్రత్యేక సంచికను వృద్ధాప్యంలో ఆరోగ్యం అనే విషయం మీద వెలువరిస్తున్నదనీ, ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి రాసి పంపమనీ కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. మనబోటి వయసు మళ్లినవారిని మంచం మీద నుంచి లేపి నడిపించిన ఒక డాక్టరుగారి గురించి నేను రాయదలచాను.

ఆయన పేరు సర్ జాన్ చార్న్‌లీ. ఇంగ్లండు దేశస్థులు. 1982లో కాలం చేశారు. ఎముకల డాక్టర్లలో ఆయన పేరు తెలియనివారు ఉండరు. తుంటి కీలు మార్పిడి ఆపరేషను ఈ రోజు మన జిల్లా కేంద్రాలలో కూడా జరుగుతున్నదంటే దానికి పునాది వేసినది ఆయనే.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పై ఆరేళ్లు ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా ఫైళ్లు రాసి, రిజిస్టర్లు నడిపినవాణ్ణి. నాలుగేళ్ల క్రితం మా ఇంటావిడకు తుంటి కీలు మార్చినప్పుడు ఆపరేషను చేసిన డాక్టరుగారి నోటివెంట ఈయన పేరు మొదటిసారి విన్నాను. తరువాత దొరికినంతవరకు చదివాను. చదివిన మీదట నాకు తోచినది ఏమంటే, ఈయన గొప్పతనం విజయం పొందిన ఆపరేషనులో ఎంత ఉందో, అంతకు ముందు విఫలమైన ఆపరేషను విషయంలో ఆయన నడచుకొన్న తీరులో అంతకంటే ఎక్కువ ఉంది.

బాల్యము, విద్య

చార్న్‌లీ 1911 ఆగస్టు 29న లాంకషైర్ ప్రాంతంలోని బరీ పట్టణంలో జన్మించారు. అది నూలు మిల్లులకు పేరుపడిన సీమ. తండ్రి మందుల దుకాణం నడిపేవారు. తల్లి నర్సుగా శిక్షణ పొందినవారు. ఊళ్లోని గ్రామర్ స్కూలులో చదివి, మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరి 1935లో పట్టా పొందారు. మరుసటి సంవత్సరమే, ఇరవై అయిదేళ్లకే, ఎఫ్.ఆర్.సి.ఎస్. పరీక్ష ప్యాసయ్యారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో 1940లో సైనిక వైద్యదళంలో చేరారు. డంకర్క్ నుంచి సైన్యాన్ని వెనక్కి తరలించిన రోజుల్లో అక్కడ పనిచేశారు. తరువాత ఈజిప్టుకు వెళ్లారు. అక్కడ గాయపడిన సైనికుల కాళ్లకు వేసే బద్దలు, ఊతచట్రాలు వర్క్‌షాపులో కూర్చొని స్వయంగా మెరుగుపరచేవారు. యంత్రాల మీద, పనిముట్ల మీద ఆయనకు మొదటి నుంచి మక్కువ. ఇంట్లో కూడా లేతు మిషను పెట్టుకొన్నారు. డాక్టరు చేతికి కంసాలి పనితనం తోడైతే ఎలా ఉంటుందో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

తన కాలు మీదే ప్రయోగం

యుద్ధం ముగిశాక ఆస్వెస్ట్రీ అనే ఊళ్లోని ఎముకల ఆసుపత్రిలో కొంతకాలం పనిచేశారు. ఒకచోటి ఎముక ముక్క తీసి వేరొకచోట అతికిస్తే అది ఎలా కలుస్తుంది అన్న సందేహం ఆయనకు కలిగింది. రోగి మీద ప్రయోగం చేయడం ఇష్టం లేక, తోటి యువ డాక్టరును ఒప్పించి తన ముంగాలి ఎముక మీదనే ఆ ఆపరేషను చేయించుకొన్నారు. అది చీము పట్టింది. ఎముకకే ఇన్‌ఫెక్షన్ సోకి, మళ్లీ ఆపరేషను చేయవలసివచ్చింది.

ఎముకకు చీము పడితే ఏమవుతుందో పుస్తకాలలో చదివిన డాక్టర్లు వేలమంది ఉంటారు. తన శరీరం మీద అనుభవించినవారు తక్కువ. తరువాతి కాలంలో ఇన్‌ఫెక్షన్ మీద ఆయన అంత పట్టుదలగా పోరాడారంటే, ఈ అనుభవం కూడా అందుకొక కారణమై ఉంటుందని నా అభిప్రాయం.

1947లో మాంచెస్టర్ రాయల్ ఇన్‌ఫర్మరీలో కన్సల్టెంటు అయ్యారు. 1950లో విరిగిన ఎముకలను కోత లేకుండా చేతితో సరిచేసి కట్టు కట్టే పద్ధతి మీద ఒక గ్రంథం రాశారు. ఎన్నో ఏళ్లు ఎముకల డాక్టర్లు దానిని పాఠ్యగ్రంథంగా చదివారు. ఆపరేషనుతో లోకప్రసిద్ధుడైన మనిషి మొదట పేరు తెచ్చుకొన్నది ఆపరేషను అక్కరలేని చోట చేయకుండా ఉండడం ఎలాగో నేర్పి అన్నమాట.

కిర్రుమన్న కీలు

తుంటి కీలు అంటే ఒక బంతి, ఒక గిన్నె. తొడ ఎముక పైకొన బంతిలా ఉండి, నడుము ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. ఆ పొర అరిగిపోతే ఎముకకు ఎముక రాసుకొని, అడుగు తీసి అడుగు వేయడం నరకమవుతుంది. ఆ రోజుల్లో దీనికి సరైన మందు లేదు. బాధ తగ్గించడానికి కీలును కదలకుండా అతికించేసేవారు. నొప్పి పోయేది గాని, మనిషి సుఖంగా కూర్చోలేడు, వంగలేడు.

ప్యారిస్‌లో జూడే సోదరులు అనే డాక్టర్లు 1940ల చివర అక్రిలిక్ ప్లాస్టిక్‌తో బంతి తయారుచేసి పెట్టడం మొదలుపెట్టారు. అలాంటి కీలు పెట్టించుకొన్న ఒక వ్యక్తి చార్న్‌లీ వద్దకు వచ్చాడు. అతను కదిలినప్పుడల్లా తుంటి కిర్రుమని మోగేదట. ఆ మోత భరించలేక భార్య అతనితో ఒక గదిలో కూర్చొనేది కాదని చెబుతారు. వినేవారికి నవ్వు వచ్చే ఆ సంగతి చార్న్‌లీని ఆలోచనలో పడేసింది. చప్పుడు వస్తున్నదంటే రాపిడి ఎక్కువగా ఉన్నదని అర్థం. రాపిడి ఎక్కువైతే ఎముకలో దిగగొట్టిన కాడ కూడా వదులవుతుంది.

అక్కడి నుంచి ఆయన లెక్క మొదలైంది. ఆరోగ్యవంతమైన కీలు మంచు మీద మంచు జారినట్లు జారుతుంది. కృత్రిమ కీలులో ఆ జారుడు ఉండదు. కనుక సహజంగానే జారే పదార్థం వెతకాలి. రెండవది, బంతి చిన్నదిగా ఉండాలి. పెద్ద తిరగలి కంటే చిన్న తిరగలి తిప్పడం తేలిక గదా. బంతి చిన్నదైతే తిరిగేటప్పుడు గిన్నెను లాగే బలం తగ్గుతుంది. చివరకు 22 మిల్లీమీటర్ల పైచిలుకు, అంటే మన రూపాయి బిళ్ల అంత వెడల్పు బంతిని ఆయన ఖాయం చేశారు. మూడవది, కీలు ఎముకలో గట్టిగా నిలవాలి. అందుకు పళ్ల డాక్టర్లు వాడే అక్రిలిక్ సిమెంటును తీసుకొన్నారు. మాంచెస్టర్ దంత వైద్య కళాశాలలోని డెనిస్ స్మిత్ ఇందుకు సహకరించారు. ఇది జిగురు వంటిది కాదు. గుంతకూ గుంజకూ మధ్య సందు లేకుండా కూరే గచ్చు వంటిది.

టెఫ్లాన్ దెబ్బ

గిన్నె కోసం ఆయన ఎంచుకొన్నది టెఫ్లాన్. ఇప్పుడు మన వంటిళ్లలో దోసె అంటుకోని పెనాలకు పూసే పూత అదే. 1958 ప్రాంతంలో టెఫ్లాన్ గిన్నెలతో ఆపరేషన్లు ప్రారంభించారు. ఫలితాలు అద్భుతం. ఏళ్ల తరబడి చంకకర్రల మీద ఉన్నవారు కొద్ది వారాలలో నొప్పి లేకుండా నడిచారు. దాదాపు మూడు వందల మందికి ఈ కీలు పెట్టారు.

ఆ ఆనందం మూడు నాలుగేళ్లే నిలిచింది. ఎక్స్‌రేలలో లోహపు బంతి టెఫ్లాన్ గిన్నెను తొలుచుకొంటూ పైకి పోతున్నట్లు కనబడసాగింది. అరిగిన పొడి చుట్టూ ఉన్న కండలోకి చేరి, శరీరం దానిని ఎదిరించడంతో జున్నులాంటి ముద్దలు పేరుకొన్నాయి. ఎముక తినివేయబడి కీళ్లు వదులయ్యాయి. నడిచినవారు మళ్లీ నొప్పితో తిరిగి వచ్చారు.

అప్పటికే ఆయన ఖ్యాతి పెరిగింది. ఇటువంటి పరిస్థితిలో తప్పుకోవడానికి ఎన్నో దారులు ఉంటాయి. ఆయన ఏ దారీ వెతకలేదు. ఒక్కొక్కరినీ పిలిపించి చూశారు. తాను పెట్టిన గిన్నెలను తానే తీసివేసే ఆపరేషన్లు చేశారు. ప్రతిసారీ లోపల ఏమి జరిగిందో రాసుకొన్నారు. ఆ రోజుల్లో రాత్రిళ్లు నిద్ర పట్టక తల పట్టుకొని కూర్చొనేవారని ఆయన భార్య జిల్ తరువాత తెలియజేశారు. వారి వివాహం 1957లోనే జరిగింది. కాపురం మొదలైన తొలి సంవత్సరాలే ఈ కష్టకాలం.

టెఫ్లాన్ శరీరంలో ఏమి చేస్తుందో నిర్ధారించుకోవడానికి ఆయన మళ్లీ తన శరీరాన్నే ఎంచుకొన్నారు. ఆ పదార్థాన్నీ, దాని తరువాత దొరికిన కొత్త పదార్థాన్నీ తన తొడ చర్మం కింద పెట్టించుకొన్నారు. టెఫ్లాన్ ఉన్నచోట గడ్డలు కట్టాయి. రెండవదాని చోట చేతికి ఏమీ తగలలేదు. ఈ సంగతి 1963లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆయనే రాసి ప్రకటించారు. తన పద్ధతి విఫలమైందని ఇతరులు వేలెత్తి చూపేదాకా ఆగలేదు.

మగ్గం పళ్లచక్రంలో దొరికిన జవాబు

ఆ కొత్త పదార్థం దొరికిన తీరు విచిత్రమైనది. అప్పటికి చార్న్‌లీ విగన్ పట్టణం దగ్గరి రైటింగ్టన్ ఆసుపత్రిలో తన కేంద్రాన్ని నెలకొల్పుతున్నారు. అది ఒకప్పుడు క్షయరోగుల శానిటోరియం. క్షయ తగ్గుముఖం పట్టడంతో పడకలు ఖాళీ అయ్యాయి. అక్కడి వర్క్‌షాపులో హ్యారీ క్రేవెన్ అనే సాంకేతికుడు ఉండేవాడు. వస్తువుల అరుగుదల కొలిచే యంత్రం నడపడం అతని పని.

1962 మే నెలలో ఒక సేల్స్‌మన్ వచ్చి లాంకషైర్ మగ్గాల పళ్లచక్రాలకు వాడే ఒక ప్లాస్టిక్‌ను చూపించాడు. మన ప్లాస్టిక్ బిందెలు, బకెట్ల జాతిదే, కాని అణువులు చాలా పొడవైనవి కావడం వల్ల గట్టిది. చార్న్‌లీ దానిని గోటితో గుచ్చి చూసి, పనికిరాదనుకొని వెళ్లిపోయారు. క్రేవెన్ మాత్రం దానిని పక్కన పడెయ్యలేదు. ఒక ముక్కను యంత్రానికి ఎక్కించి రాత్రింబవళ్లు నడిపాడు. మూడు వారాలు గడిచినా అది అరిగినది కొలతకు అందీ అందనంత. చార్న్‌లీ వచ్చి చూశారు. వద్దన్న పని చేశావేమని కోప్పడలేదు. తన అంచనా తప్పని అక్కడికక్కడే ఒప్పుకొన్నారు. 1962 నవంబరులో ఆ ప్లాస్టిక్ గిన్నెతో మొదటి ఆపరేషను జరిగింది.

మన కార్యాలయాలలో పై అధికారి ఒకసారి కాదని కాగితం మీద రాసిన విషయాన్ని కింది ఉద్యోగి మళ్లీ పెట్టడం ఎంత కష్టమో మనకు తెలుసు. పెట్టిన ఉద్యోగి ధైర్యం గొప్పది. దానిని స్వీకరించిన అధికారి మనసు కూడా గొప్పదే. ఈ ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఆ కీలు అప్పుడు మనకు దక్కేది కాదు.

గాలిలో ఉన్న శత్రువు

కీలు బాగున్నంత మాత్రాన సరిపోలేదు. మొదట్లో ఆపరేషను చేయించుకొన్న వందమందిలో సుమారు ఏడుగురికి లోపల చీము పట్టేది. కృత్రిమ కీలు చుట్టూ చీము పడితే చాలాసార్లు దానిని తీసివేయక తప్పదు. మనిషి మళ్లీ మంచాన పడతాడు.

చేతులు కడుక్కొన్నారు, పనిముట్లు మరిగించారు, మరి సూక్ష్మజీవులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? గదిలోని గాలి నుంచి, అక్కడ ఉన్న మనుషుల చర్మం, శ్వాసల నుంచి అని చార్న్‌లీ అనుమానించారు. మిల్లులకు గాలి యంత్రాలు తయారుచేసే హవర్త్ అనే ఆయనతో కలిసి, ఆపరేషను గదిలోపల ఒక గాజు గది కట్టించారు. వడకట్టిన గాలి పై నుంచి కిందికి నిరంతరం వీస్తూ ఉంటుంది. ఆపరేషను చేసేవారు తలతో సహా కప్పే దుస్తులు వేసుకొంటారు. వారు వదిలిన గాలిని గొట్టాల ద్వారా బయటికి లాగేస్తారు. తోటి డాక్టర్లు కొందరు ఇదంతా అతి అనుకొన్నారు. ఆయన ఏటేటా లెక్క వేసి చూపించారు. 1970ల మొదటికి చీము పట్టేవారి సంఖ్య వందకు ఒకటి కంటే దిగువకు వచ్చింది.

లెక్క మూయని మనిషి

కొత్త కీలు బాగా పనిచేస్తున్నా, ఆయన వెంటనే దానిని బజారులో అమ్మనివ్వలేదు. లీడ్స్ నగరంలోని థాక్రే కంపెనీ దానిని తయారుచేసేది. రైటింగ్టన్‌కు వచ్చి పద్ధతి నేర్చుకొన్న డాక్టర్లకే ఇవ్వాలని కొన్నేళ్ల పాటు నియమం పెట్టారు. టెఫ్లాన్ కూడా మొదటి మూడేళ్లు అద్భుతంగానే కనబడిందని ఆయన మరచిపోలేదు. అందువల్ల బాగా నడుస్తున్నవారిని కూడా ఏళ్ల తరబడి పిలిపించి ఎక్స్‌రే తీయించేవారు. మరణానంతరం కీలును పరీక్షకు ఇవ్వమని రోగులను అడిగేవారు. ఎంతోమంది సంతోషంగా సమ్మతించారు. బతికి ఉండగా నడిపించిన డాక్టరుకు చనిపోయాక కూడా వారు సాక్ష్యం ఇచ్చారు.

ఆయనకు 1974లో అమెరికాలో లాస్కర్ పురస్కారం లభించింది. 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1977లో సర్ బిరుదు వచ్చాయి. తన అనుభవమంతా 1979లో ఒక గ్రంథంగా వెలువరించారు. 1982 ఆగస్టు 5న, డెబ్బై ఒకటో పుట్టినరోజుకు మూడు వారాల ముందు, పరమపదించారు. నేడు ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా తుంటి కీలు మార్పిడులు జరుగుతున్నాయి. బంతులు, గిన్నెల తయారీలో ఎన్నో మార్పులు వచ్చినా, చిన్న రాపిడి, గట్టి పునాది, శుభ్రమైన గాలి, వదలని లెక్క అనే నాలుగు సూత్రాలూ ఆయనవే.

మనకు సంబంధించిన మాట

ఇది ఎక్కడో ఇంగ్లండు కథ అనుకోవద్దు. 2010లో ఏ.ఎస్.ఆర్. అనే లోహపు తుంటి కీలును తయారీదారు ప్రపంచమంతటా వెనక్కి తీసుకొన్నారు. లోహం మీద లోహం రాసుకొని పొడి రక్తంలో కలుస్తుండడం, కీళ్లు త్వరగా పాడవడం కారణాలు. మన దేశంలో సుమారు 4,700 ఆపరేషన్లలో ఆ కీలు వాడారు. కేంద్ర ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం 2018లో నివేదిక ఇచ్చేనాటికి వారిలో మూడు వేల మందికి పైగా ఆచూకీ దొరకలేదు. తమ ఒంట్లో ఉన్నది ఏ కంపెనీ వస్తువో వారికే తెలియదు. చార్న్‌లీ తన మూడు వందల మందినీ పేరుపేరునా వెతికి పిలిపించిన అర్ధ శతాబ్దం తరువాతి సంగతి ఇది.

మన సర్వీసు రిజిస్టరులో ఒక పద్దు తప్పిపోతే పెన్షను ఎన్నేళ్లు ఆగుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఒంట్లో పెట్టిన కీలుకు కూడా అలాంటి రిజిస్టరే ఉండాలి. కనుక కీలు మార్పిడి చేయించుకొన్న మిత్రులకు, చేయించబోతున్నవారికి నా మనవి ఇది. కీలు పెట్టె మీద ఉండే స్టిక్కరు ఆసుపత్రి కాగితాలలో అంటించారో లేదో చూసుకోండి. దాని నకలు, డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు పెన్షను పేమెంటు ఆర్డరుతో పాటు ఒకే ఫైలులో భద్రపరచండి. ఆ ఫైలు ఎక్కడ ఉందో పిల్లలకు చెప్పండి. మా ఇంట్లో అలాగే చేశాము.

నొప్పి లేదు గదా అని డాక్టరు రమ్మన్న తేదీకి వెళ్లడం మానవద్దు. అరుగుదల మొదట ఎక్స్‌రేలో కనబడుతుంది, నొప్పి తరువాత వస్తుంది. గాయం ఎర్రబడినా, రసి కారినా, జ్వరం వచ్చినా, పిక్క వాచినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఊళ్లో దొరికిన మాత్రలతో సరిపెట్టవద్దు. బాసింపట్టు వేసుకోవడం, గొంతుకూర్చోవడం మీ కీలుకు పనికివస్తుందో లేదో మీ డాక్టరునే అడగండి. తప్పుగా వంగితే బంతి గిన్నెలోంచి జారే ప్రమాదం ఉంటుంది.

కీళ్లు మార్పించుకొన్న మన సభ్యుల పేర్లు, ఆపరేషను తేదీ, కీలు వివరాలు వారి అనుమతితో ఒక రిజిస్టరులో రాసి ఉంచితే బాగుంటుందని కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాను. ఏదైనా కీలును వెనక్కి తీసుకొన్న వార్త వస్తే అరగంటలో మనవాళ్లకు తెలియజేయవచ్చు. రిజిస్టరు గీసి, పద్దులు రాసే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను.